అద్దాలతో ఓడను తగలబెట్టగలమా?

"ఆర్కిమెడిస్ అద్దాలు పెట్టి రోమన్ల ఓడలు కాల్చేశాడంటారు, నిజంగా జరిగిందా?" కాంతి పాఠం మొదలైన రోజున తరగతిలో ఎవరో ఒకరు చెయ్యెత్తి ఈ ప్రశ్న అడుగుతారు. కొంచెం గడుసు పిల్లలైతే రెండో ప్రశ్న కూడా వేస్తారు: "నిజమైతే మరి ఇవాళ సైన్యాలు తుపాకులు మానేసి అద్దాలు ఎందుకు కొనవు?" ఈ రెండో ప్రశ్నే నాకు ఎక్కువ నచ్చుతుంది. దానికి జవాబు దొరికితే మొదటిదానికీ చాలావరకు దొరికినట్టే.

తెలుగు రాష్ట్రాల పదో తరగతి భౌతికశాస్త్ర పుస్తకం కొన్నేళ్ల కిందట ఈ కథను పాఠంలోకి తెచ్చింది. వక్రతలాల మీద కాంతి పరావర్తనం చెబుతూ, ఓడ సంగతి అలా ఉంచి, ముందు ఒక గిన్నెనైనా అద్దాలతో వేడి చేయగలమేమో చూడమని పిల్లల్ని పురమాయించింది. మంచి మాట. పాతకాలపు ఆయుధం గురించి చదివి ఊరుకోవడం వేరు, దాన్ని బల్ల మీద చిన్నగా కట్టి చూడడం వేరు. చరిత్ర ప్రాజెక్టు అనగానే చార్టు మీద రాజుల బొమ్మలు అంటించే మన అలవాటుకు ఇది మంచి విరుగుడు.

కథ ఎక్కడిది?

క్రీస్తుపూర్వం 213లో రోమన్ సేనాని మార్సెల్లస్ సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరాన్ని ముట్టడించాడు. సముద్రం వైపు నుంచి అరవై పెద్ద యుద్ధనౌకలు, నేల వైపు నుంచి కాల్బలం. ఆ ఊళ్లో ఉన్న ఆర్కిమెడిస్‌కి అప్పటికి డెబ్బై ఏళ్లు పైబడ్డాయి. ఆయన కట్టించిన యంత్రాలు బండరాళ్లు విసిరాయి. గోడల మీది నుంచి వంగే దూలాలు, వాటికి వేలాడే ఇనుప కొక్కేలు ఓడ ముక్కును పట్టి పైకెత్తి దబ్బున వదిలేశాయి. రోమన్లు ఎదురుగా తలపడడం మానేసి దిగ్బంధనానికి దిగాల్సి వచ్చింది. మరుసటి ఏడాది, ఊరు పండగలో ఉన్న సమయం చూసి గోడలెక్కారు. ఆ గందరగోళంలోనే ఒక సైనికుడి చేతిలో ఆర్కిమెడిస్ చనిపోయాడు.

ఇదంతా రాసినవాళ్లలో మనకు బాగా దగ్గరివాడు పాలీబియస్. ముట్టడి జరిగాక పదేళ్లకో పదిహేనేళ్లకో పుట్టినవాడు. యుద్ధ యంత్రాలంటే ఇష్టపడి వివరంగా రాసే మనిషి. రాళ్లు విసిరే యంత్రాలు రాశాడు, కొక్కేలు రాశాడు, అద్దాల ఊసే లేదు. తర్వాత రాసిన లివీ, ప్లూటార్క్ కూడా అద్దాల గురించి ఒక్క ముక్క రాయలేదు. నాలుగు వందల ఏళ్లు గడిచాక, క్రీస్తుశకం రెండో శతాబ్దంలో, ఆర్కిమెడిస్ శత్రు ఓడల్ని కాల్చాడనే మాట మొదట కనిపిస్తుంది. దేనితో కాల్చాడో అక్కడా స్పష్టంగా లేదు. అద్దాలు ఈ కథలోకి గట్టిగా వచ్చింది ఆరో శతాబ్దంలో. కాన్‌స్టాంటినోపుల్‌లో హేగియా సోఫియా కట్టిన ఇద్దరు వాస్తుశిల్పుల్లో ఒకడైన ఆంథీమియస్, అనేక చదును అద్దాలను ఒకే చోటికి తిప్పితే ఈ పని సాధ్యమేనని రాశాడు. పన్నెండో శతాబ్దపు బైజాంటైన్ రచయితల చేతుల్లో కథ పూర్తి రూపం దాల్చింది. అంటే సంఘటనకీ, మనకు తెలిసిన కథకీ మధ్య పద్నాలుగు వందల ఏళ్లు.

ఇంత గొప్ప దృశ్యం కళ్లముందు జరిగి ఉంటే పాలీబియస్ వదిలిపెడతాడా? వదలడని నా నమ్మకం. కానీ సాక్ష్యం లేకపోవడం ఒక్కటే ఏ సంగతినీ తేల్చేయదు. అందుకే జనం మూడు శతాబ్దాలుగా అద్దాలు పట్టుకుని ఎండలోకి వెళ్తున్నారు.

నాలుగు అద్దాలు, ఒక అట్టముక్క

అలా వెళ్లినవాళ్లలో ఇటీవలివాడు కెనడాకు చెందిన ఒక బడిపిల్లవాడు. బడి సైన్సు ప్రదర్శన కోసం ఈ ఆయుధాన్ని బల్ల మీద కట్టాడు. అతని నివేదిక 2024 జనవరిలో అక్కడి విద్యార్థుల విజ్ఞాన పత్రికలో అచ్చయింది. సామగ్రి చూస్తే ముచ్చటేస్తుంది: సూర్యుడి బదులు వేడినిచ్చే దీపం, నాలుగు చిన్న పుటాకార అద్దాలు, ఓడ బదులు ఇంటూ గుర్తు వేసిన అట్టముక్క, ఒక ఉష్ణోగ్రత కొలిచే పరికరం. అద్దాలను ఒక్కొక్కటిగా చేరుస్తూ, ప్రతిసారీ వెలుగును ఇంటూ గుర్తు మీదికి తిప్పి, అక్కడి వేడిని రాసుకున్నాడు.

దీపం ఒక్కటే ఉన్నప్పుడు గుర్తు దగ్గర ఉష్ణోగ్రత సుమారు 27 డిగ్రీల సెల్సియస్. ఒక అద్దం చేరగానే 35కి దగ్గరైంది. మూడు అద్దాలకు 43 దాటింది. నాలుగో అద్దంతో 53 దాటింది.

మంట రాలేదు. మంట తెప్పించాలని అతను అనుకోనూ లేదు. కొందరికి ఇది చప్పగా అనిపించవచ్చు. నాకైతే ఈ ప్రాజెక్టులో మెచ్చుకోదగ్గది అదే. అట్టముక్క భగ్గున మండి ఉంటే తల్లిదండ్రులు చప్పట్లు కొట్టేవాళ్లు, ఫొటోలు తీసుకునేవాళ్లు, తెలిసేది మాత్రం తక్కువ. మంటకి రెండే జవాబులు: వచ్చింది, రాలేదు. ఉష్ణోగ్రత అలా కాదు. ఒక్కో అద్దం ఎంత పని చేసిందో విడివిడిగా చెబుతుంది. నాలుగు అద్దాల నుంచి నాలుగు వందల అద్దాల గురించి ఊహించే వీలు ఆ అంకెల వల్లే కలుగుతుంది.

ఆ నాలుగో అద్దం దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. చివరి అద్దం ఏకంగా పది డిగ్రీలు పెంచింది, ఆ ముందరివాటి కంటే ఎక్కువ. పిల్లవాడు దాన్ని విశేషంగానే గుర్తించాడు. నేను అతని టీచరునైతే మార్కులు వేసేసి, ఒక ప్రశ్న కూడా వేసేవాణ్ణి: "నాలుగోదాన్ని తీసి మొదటి స్థానంలో పెడితే ఏమవుతుంది?" ఎందుకంటే అద్దాలన్నీ ఒకేలాంటివైతే, ఒకేలా గురి చూస్తే, చివరిది ఎక్కువ వేడి తేకూడదు. నిజానికి కొంచెం తక్కువే తేవాలి. ఎందుకో చూద్దాం.

చిల్లికుండ లెక్క

అడుగున చిల్లి ఉన్న కుండను కొళాయి కింద పెట్టండి. నీళ్లు పడుతుంటాయి, చిల్లిలోంచి కారుతుంటాయి. మొదట్లో పడేవి ఎక్కువ, కారేవి తక్కువ, కనుక మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగేకొద్దీ అడుగున ఒత్తిడి పెరిగి, కారడమూ జోరందుకుంటుంది. ఒక చోటికి వచ్చేసరికి పడేదీ కారేదీ సమానమైపోతాయి. ఇక మట్టం అక్కడే నిలబడిపోతుంది. గంటసేపు కూర్చున్నా కుండ నిండదు. నిండాలంటే ఒకటే దారి, ఇంకో కొళాయి విప్పాలి.

ఎండలో పెట్టిన చెక్క కూడా ఇలాంటి చిల్లికుండే. వచ్చిపడే వెలుగు కొళాయి నీరు. చెక్క ఉష్ణోగ్రత నీటి మట్టం. చుట్టూ ఉన్న గాలి, చెక్క లోపలి భాగం, చెక్క తనంతట తాను వెదజల్లే వేడి, ఇవన్నీ చిల్లులు. చెక్క ఎంత వేడెక్కితే అంత జోరుగా వేడిని పోగొట్టుకుంటుంది. ఒక్క సూర్యుడి వేడికి మట్టం ఎక్కడో చెయ్యి చుర్రుమనే చోట ఆగిపోతుంది. అందుకే మే నెల ఎండలో రాజమండ్రిలో పడవలు వాటంతట అవి అంటుకోవు. ఎంతసేపు ఎండలో ఉంచినా అంటుకోవు. ఎక్కువసేపు ఉంచడం ఎక్కువ ఎండ పెట్టడంతో సమానం కాదు.

ఒక్కో అద్దమూ ఒక్కో కొత్త కొళాయి. కొళాయిలు పెరిగితే మట్టం పెరుగుతుంది, కానీ కారడమూ పెరుగుతుంది కాబట్టి ప్రతి కొత్త కొళాయీ ముందుదానికన్నా కొంచెం తక్కువే పెంచగలుగుతుంది. గాలి వీచిందా, చిల్లి పెద్దదైనట్టే. సముద్రం ఒడ్డున గాలి వీచని రోజు ఉండదు. చెక్క తడిసి ఉంటే ఆ నీటిని ఆవిరి చేయడానికే సగం వేడి ఖర్చయిపోతుంది. యుద్ధనౌక తడిగా ఉండకపోతే ఇంకేది తడిగా ఉంటుంది?

ఇక అంకెలు. మబ్బు లేని మధ్యాహ్నం, సూర్యుడు నెత్తి మీద ఉన్నప్పుడు చదరపు మీటరు నేల మీద పడే శక్తి దాదాపు వెయ్యి వాట్లు, అంటే ఒక చిన్న ఇస్త్రీపెట్టె లాగే కరెంటంత. దీన్ని "ఒక ఎండ" అనుకుందాం. మంట తగిలించకుండా ఎండు చెక్క తనంతట తాను అంటుకోవాలంటే ఉజ్జాయింపుగా ఇరవై నుంచి ముప్పై ఎండలు ఒకే చోట పడాలి, పడుతూనే ఉండాలి. మరి ముప్పై అద్దాలు తెస్తే సరిపోతుందా?

సరిపోదు. ఈ ఆయుధం బలహీనత అంతా ఇక్కడే ఉంది.

సూర్యుడు చుక్క కాదు

చిన్న చేతి అద్దంతో గోడ మీద వెలుగు పడేటట్టు చేయండి. గోడకు దగ్గరగా ఉంటే అద్దం ఎంతుందో వెలుగు మరకా అంతే, అంచులు కూడా గీసినట్టు కనిపిస్తాయి. అలాగే వెనక్కి వెళ్లండి. మరక పెద్దదవుతూ, అంచులు చెదురుతూ, వెలుగు పలచబడుతుంది. చాలా దూరం వెళ్లాక ఇంకో చిత్రం: అద్దం నాలుగు పలకలదైనా మరక గుండ్రంగా మారిపోతుంది. బడిలో పిల్లలందరూ ఈ ఆట ఆడినవాళ్లే, మేష్టారి మొహం మీదికి వెలుగు కొట్టి తన్నులు తిన్నవాళ్లూ ఉంటారు. మరక గుండ్రంగా ఎందుకైందని ఆలోచించినవాళ్లు మాత్రం తక్కువ.

గోడ మీద గుండ్రంగా కనిపించేది సూర్యుడి బింబమే. సూర్యుడు మనకు ఆకాశంలో ఒక చుక్కలా కాక, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెంలా కనిపిస్తాడు. ఆ పళ్లెం ఎడమ అంచు నుంచి వచ్చే కిరణాలూ కుడి అంచు నుంచి వచ్చేవీ పూర్తిగా సమాంతరం కావు. వాటి మధ్య ఆ అర డిగ్రీ తేడా ఉంటుంది. అద్దం ఎంత చదునుగా, ఎంత మెరుగ్గా ఉన్నా ఆ తేడాను చెరపలేదు. కాబట్టి అద్దం నుంచి బయల్దేరిన వెలుగు ప్రతి వంద అడుగుల దూరానికీ దాదాపు ఒక అడుగు చొప్పున విచ్చుకుంటుంది.

ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథంతా మీరే చెప్పుకోవచ్చు. అడుగు పలక అద్దం తీసుకోండి. వంద అడుగుల దూరంలో దాని వెలుగు మరక రెండడుగులు. రెండడుగులంటే వైశాల్యం నాలుగింతలు, అంటే వెలుగు నాలుగో వంతుకు పలచబడింది. రెండు వందల అడుగుల దగ్గర మూడడుగుల మరక, తొమ్మిదో వంతు. నాలుగు వందల అడుగుల దగ్గర అయిదడుగుల మరక, ఇరవై అయిదో వంతు. ఆ దూరంలో ఒక్క ఎండ తేవడానికే పాతిక అద్దాలు కావాలి. ముప్పై ఎండలకు ఏడు వందల యాభై. ఇదంతా అద్దం నూటికి నూరు పాళ్లూ వెలుగును తిప్పికొడుతుందనుకుంటేనే. ఆర్కిమెడిస్ కాలంలో వెండిపూత గాజు అద్దాలు లేవు, మెరుగుపెట్టిన కంచు పలకలే. వాటి మీద పడ్డ వెలుగులో చెప్పుకోదగ్గ భాగం అక్కడే పోతుంది.

బల్ల మీది ప్రయోగంలో ఈ ఇబ్బంది కనిపించదు. అక్కడ అద్దానికీ అట్టకీ మధ్య దూరం చాలా తక్కువ. పైగా ఆ పిల్లవాడు వాడినవి పుటాకార అద్దాలు. గిన్నెలా లోపలికి వంగిన అద్దం తన మీద పడ్డ వెలుగునంతా నాభి అనే ఒక చోటికి చేర్చి చిన్న మరక చేస్తుంది. ఓడంత దూరాన నాభి పడేలా వంచిన అద్దమైతే కంటికి చదునుగానే కనిపిస్తుంది. చదును అద్దాలు ఎక్కువ పెట్టి ఒకేచోటికి తిప్పడం అలాంటి వంపును ముక్కలు ముక్కలుగా కట్టడమే. ఆంథీమియస్ పట్టుకున్న కిటుకు ఇదే.

పెద్దవాళ్ల ప్రాజెక్టులు

ఫ్రెంచి శాస్త్రవేత్త బుఫన్ 1747లో 168 చిన్న అద్దాలను ఒక చట్రానికి బిగించి, నూట యాభై అడుగుల దూరంలో చెక్కను మండించాడు. అది అసాధ్యమని కొట్టిపారేసిన తత్వవేత్త దెకార్త్ అప్పటికి చనిపోయి దాదాపు వందేళ్లయింది. 1973లో గ్రీసు దేశపు ఇంజనీరు సకాస్ ఏథెన్స్ దగ్గరి నౌకా స్థావరంలో డెబ్బై పెద్ద అద్దాలు పెట్టాడు. ఒక్కోటి అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రాగిపూత. నూట అరవై అడుగుల దూరంలోని ప్లైవుడ్ ఓడ బొమ్మ కొన్ని సెకన్లలోనే అంటుకుంది. పత్రికలు ఆర్కిమెడిస్ గెలిచాడని రాశాయి. ఆ బొమ్మకు తారు రంగు పూసి ఉందనే సంగతి చాలామంది గమనించలేదు. తారు నల్లగా ఉండి వెలుగును మింగేస్తుంది, పచ్చి చెక్క కన్నా సులువుగా అంటుకుంటుంది.

అమెరికాలో ఎమ్‌ఐటీ విద్యార్థులు 2005 అక్టోబరులో చేసిన పని నాకు వీటన్నిటికన్నా నచ్చింది. వస్తువులను రూపొందించడం నేర్పే తరగతిలో అదొక అభ్యాసం. అడుగు పలక అద్దాలు 127. వంద అడుగుల దూరంలో ఓక్ చెక్కతో కట్టిన ఓడ పక్కభాగం. మన సూత్రం ప్రకారం లెక్కేయండి: 127లో నాలుగో వంతు, అంటే ముప్పై ఎండలకు కాస్త పైన. అద్దాల్లో పోయేదీ గురి తప్పేదీ తీసేస్తే పాతిక మిగలవచ్చు. సరిగ్గా గీత మీద ఉన్నారన్నమాట. జరిగిందీ అదే. మబ్బు అడ్డం వచ్చినంతసేపూ చెక్క పొగలు కక్కి ఊరుకుంది. ఆకాశం తేటపడి, ఓడ కదలకుండా పది నిమిషాల పాటు నిలబడ్డాక ఒక చోట మంట లేచింది.

వినడానికి పది నిమిషాలు తక్కువే. కానీ సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీలు జరుగుతాడు. అద్దం కదలకపోతే దాని వెలుగు మరక వంద అడుగుల దూరంలో నిమిషానికి అయిదు అంగుళాలకు పైగా పక్కకు పోతుంది. పది నిమిషాల్లో నాలుగడుగుల పైచిలుకు. ఎమ్‌ఐటీ పిల్లల ఓడ నేల మీద ఉంది, అలల మీద లేదు. అద్దాలు చట్రాల్లో బిగించి ఉన్నాయి, మనుషుల చేతుల్లో లేవు. చేతిలో అద్దం ఒక్క డిగ్రీ వణికితే వెలుగు రెండు డిగ్రీలు తప్పుతుంది. వంద అడుగుల దగ్గర మూడున్నర అడుగులు, నాలుగు వందల అడుగుల దగ్గర పద్నాలుగు అడుగులు. తర్వాత అదే బృందం ఒక టీవీ కార్యక్రమం కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో నీళ్ల మీది పాత చేపల పడవ మీద ప్రయత్నించింది. చెక్క నల్లబడింది, చిన్నపాటి మంట వచ్చింది, పడవ మాత్రం తగలబడలేదు.

ఆ టీవీ కార్యక్రమమే 2010లో అప్పటి అధ్యక్షుడు ఒబామా అడిగాడని మళ్లీ చేసింది. ఈసారి ఆయుధం పట్టినవాళ్లు బడిపిల్లలు, అయిదు వందల మంది. నాలుగు వందల అడుగుల దూరంలో రోమన్ ఓడ నమూనా. పిల్లలందరూ తలో అద్దం పట్టుకుని తెరచాప మీదికి వెలుగు తిప్పారు. తెరచాప అంటుకోవడానికి 210 డిగ్రీలు కావాలి. ఎన్నిసార్లు చేసినా అక్కడికి చేరలేదు. చేరదని మన పాతిక అద్దాల లెక్క ముందే చెబుతోంది. అడుగు అద్దాలనుకుంటే అయిదు వందల మందీ ఒక్క వేలెడు కూడా తప్పకుండా గురి చూసినా ఇరవై ఎండలే వస్తాయి. అన్ని చేతులు ఒక్కసారి వణకకుండా ఉండడం ఎక్కడైనా జరుగుతుందా? అయితే ఓడ మీద నిలబడ్డవాళ్లకు మాత్రం కళ్లు బైర్లు కమ్మి ఏమీ కనిపించకుండా పోయింది. కార్యక్రమం చేసినవాళ్లు చివరకు తేల్చింది కూడా ఇదే: అద్దాలు సిరక్యూస్‌లో ఉపయోగపడి ఉంటే ఓడల్ని కాల్చడానికి కాదు, నావికుల కళ్లు చెదరగొట్టడానికే.

నా తీర్పూ దాదాపు అదే. అద్దాలతో ఓడ చెక్కను మండించవచ్చు. దగ్గరగా, పొడిగా, కదలకుండా ఉన్న ఓడనైతే. యుద్ధానికి వచ్చిన ఓడ ఆ మూడింటిలో ఏదీ కాదు. పైగా సిరక్యూస్ తీరం తూర్పు ముఖం. సముద్రం మీది ఓడ వైపు వెలుగు తిప్పడానికి ఎండ అనుకూలంగా ఉండేది పొద్దుటి పూటే, అప్పటి ఎండలో బలం తక్కువ. మబ్బు పట్టిన రోజు సెలవు. అదే దూరం నుంచి నిప్పంటించిన బాణం వేయడానికి ఎండతో పనిలేదు, ఒక విలుకాడు చాలు. అంత పెద్ద గణితవేత్తకు ఈ లెక్క తెలియదనుకోవడం ఆయనను తక్కువ చేయడమే. పిల్లలు అడిగే రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇదే. ఆయుధం పని చేయడం ఒక సంగతి, శత్రువు సహకరిస్తేనే పని చేయడం ఇంకో సంగతి.

శత్రువు లేని చోట

గురి కదలకపోతే ఈ సూత్రం ఎంత బలమైనదో తిరుమల చెబుతుంది. శ్రీవారి భక్తుల అన్నప్రసాదం వండడానికి అక్కడ 2002లో సౌరశక్తితో నడిచే ఆవిరి వంట ఏర్పాటు చేశారు. మేడ మీద 106 పుటాకార అద్దాల పళ్లేలు, ఒక్కోటి తొమ్మిది చదరపు మీటర్లకు పైన. సూర్యుడు జరిగేకొద్దీ పళ్లేలు కూడా యంత్రం సాయంతో తిరిగేలా కట్టారు. ఒక్కో పళ్లెం నాభి దగ్గర నీటి గొట్టం పెట్టారు. 180 డిగ్రీల ఆవిరి తయారై వంటశాలలోకి పోయే ఏర్పాటు అది. రోజుకు పదిహేను వేల మందికి వండే లెక్కతో కట్టారు దీన్ని. సిరక్యూస్ ఇబ్బందులన్నీ ఇక్కడ తీరిపోయాయి చూడండి: అద్దానికీ గొట్టానికీ మధ్య దూరం తక్కువ కాబట్టి వెలుగు విచ్చుకోదు, గొట్టం ఎక్కడికీ పారిపోదు, సూర్యుడి వెంట తిరిగే పని యంత్రానిది. ఫ్రాన్సులో పిరెనీస్ కొండల మీద ఒదెయో అనే ఊళ్లోని సౌర కొలిమి ఇదే దారిలో ఇంకా ముందుకెళ్లి మూడు వేల డిగ్రీలు దాటిస్తుంది. లోహాలు కరిగిపోతాయి.

అనుకోకుండా జరిగిన ముచ్చట ఒకటుంది. లండన్‌లో 2013లో కడుతున్న ఒక ఆకాశహర్మ్యం ముందు భాగం లోపలికి వంగిన గాజు గోడ. ఆ వేసవి చివర కొద్ది రోజుల పాటు, రోజూ కొంతసేపు, దాని నాభి సరిగ్గా కింది వీధిలో పడింది. అక్కడ ఆపిన ఒక ఖరీదైన కారు ప్లాస్టిక్ భాగాలు వంకర్లు తిరిగిపోయాయి. ఆర్కిమెడిస్ పేరు చెప్పుకున్నవాళ్లు చట్రాలు బిగించి, పిల్లల్ని పోగేసి పడ్డ తంటాలు ఆ గోడకు అక్కర్లేకపోయింది. కారు నిలిపి ఉంది కనుక.

మీ బడిలో చేయాలనుకుంటే

చేయండి, కెనడా పిల్లవాడి పద్ధతిలో. అద్దాలు నాలుగైదు చాలు. ఎండలో చేసేటట్టయితే చదును అద్దాలు వాడండి. గురి మీద నల్ల కాగితం అంటించిన చిన్న నీళ్ల డబ్బా పెట్టి, నీటి ఉష్ణోగ్రత రాసుకోండి. అయిదేసి నిమిషాలు ఆగి, అంకె నిలకడగా ఉన్నాకే రాయాలి. చిల్లికుండ మట్టం నిలబడేదాకా ఆగాలన్నమాట. తర్వాత డబ్బాను దూరం జరిపి మళ్లీ కొలవండి. నేను చెప్పిన వంద అడుగులకు ఒక అడుగు సూత్రం నిజమో కాదో మీ గోడ మీద మీరే తేల్చండి. విసనకర్రతో గాలి వీచి ఒకసారి, డబ్బా తడిపి ఒకసారి కొలవండి. ఒక అంకె మీ అంచనాకు లొంగకపోతే కొట్టేయకండి, అద్దాల వరస మార్చి మళ్లీ చూడండి. నివేదికలో రెండు జవాబులు వేరువేరుగా రాయండి: ఇది సాధ్యమా అన్నది ఒకటి, ఇది జరిగిందా అన్నది ఇంకొకటి. మొదటిదానికి సాక్ష్యం మీ ఉష్ణోగ్రతల పట్టిక. రెండోదానికి సాక్ష్యం పాలీబియస్.

జాగ్రత్తలు మూడు. అద్దంలో పడే సూర్యుడి వైపు ఎవ్వరూ చూడకూడదు, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నా సరే. వెలుగు మనుషుల మీదికి తిప్పకూడదు. పుటాకార అద్దం వాడితే, పని అయ్యాక దాన్ని బోర్లించి గుడ్డ కప్పి నీడలో పెట్టాలి. కిటికీ దగ్గర వెల్లకిలా వదిలేసిన అద్దానికి ఎదురుగా తెర గుడ్డ ఉంటే, సెలవు రోజున తరగతి గది తగలబడగలదు.